వరదింటి దీపం

మౌంట్ ఆల్బర్ట్‌లో మా వీధి చివర, వాగు ఒడ్డున, ఒక ఇల్లుంది. ఇప్పుడు లేదు లెండి, అప్పుడుంది. చీకటి పడ్డాక దాని ముందునుంచి ఎవరూ నడిచేవాళ్ళు కాదు.

కుక్కల్ని తిప్పే తెల్లవాళ్ళు కూడా అక్కడికి వచ్చేసరికి రోడ్డు దాటి అవతలి పక్కకి పోయేవాళ్ళు.

ఆ పెద్ద వరద వచ్చిన ఏడు ఆ ఇంట్లోకి కిటికీల దాకా నీళ్ళొచ్చాయి. ఉన్నవాళ్ళు కట్టుబట్టలతో బయటపడ్డారు. తర్వాత కౌన్సిల్ వాళ్ళు ఇల్లు కొనేసి, ఇంకెవరూ కాపురం ఉండకూడదని కిటికీలకి చెక్కలు కొట్టి, చుట్టూ ఇనప కంచె పెట్టి వదిలేశారు. గడ్డి నడుమెత్తు పెరిగింది. వరద నీళ్ళు నిలిచిన గీత గోడ మీద మట్టిరంగులో అలాగే ఉండిపోయింది.

ఆ ఇంట్లో ఎవరూ చావలేదు. నేను అడిగి కనుక్కున్నాను. మూల మీద డెయిరీ, అంటే ఇక్కడి చిల్లర కొట్టు, నడిపే గుజరాతీ ఆవిడ, ఆ ఇంటివాళ్ళు హామిల్టన్‌లో బాగానే ఉన్నారని చెప్పింది. అయినా మనవాళ్ళ నోళ్ళు ఊరుకుంటాయా. ముసలామె మునిగిపోయిందని ఒకరు, కాదు పసిపిల్ల అని ఒకరు...

ఉగాది దాటాక ఇంకో మాట పుట్టింది. పొద్దు గుంకాక ఆ ఇంటి వెనక గదిలో వెలుగు కనిపిస్తోందని.

కరెంటు పీకేసిన ఇల్లది. వెలుగెక్కడిది?

సాయంత్రం పరుగుకి పోయే అమ్మాయెవరో ముందు చూసింది. తర్వాత డెయిరీ ఆవిడ చూసింది — చెక్కల సందులోంచి, పసుపు రంగులో, సన్నగా, వణుకుతూ. టార్చిలైటు వణకదు. ఫోను లైటు పసుపుగా ఉండదు. ఆవిడ చెప్తుంటేనే నాకర్థమైంది. అది దీపం. నూనె దీపం...

ఆ ఇంటి లోపల జరిగింది మా అల్లుడు మహేంద్ర నాకు చెప్పింది. అతను చెప్పింది చెప్పినట్టే రాస్తాను. చివరిది మాత్రం నా కళ్ళతో నేను చూశాను.

అతను ఎలా పెరిగాడో ముందు చెప్పాలి. లేకపోతే ఆ ఇంట్లో అతనికి జరిగిందేమిటో మీకు తెలియదు.

మహేంద్ర తండ్రి రామలింగేశ్వరరావుగారు. పేరు నిండా శివుడు, నోటి నిండా దేవుడు లేడన్న మాట. గుడివాడలో సైన్సు మాస్టారుగా చేశారు. గ్రహణం పట్టిన పూట వీధరుగు మీద కూర్చుని, పోయేవాళ్ళకీ వచ్చేవాళ్ళకీ కనపడేలా పెసరట్టు తినేవారు. తిననీ. ఎవరి కడుపు వాళ్ళది. కానీ నా కూతురు హిమజ పెళ్ళి దగ్గర కూడా అదే బడాయి చూపించారు.

పంతులు వద్దన్నారు. మంత్రం వద్దన్నారు. దండల పెళ్ళి. మైకు పెట్టించి నలుగురి చేత ఉపన్యాసాలు చెప్పించారు. పిల్లా పిల్లాడూ దండలు మార్చుకున్నారు, సంతకాలు పెట్టారు, అయిపోయింది. నేను పసుపు కలిపి పట్టుకెళ్ళిన తలంబ్రాల బియ్యం సంచిలోనే ఉండిపోయింది. మళ్ళీ ఇంటికి మోసుకొచ్చి, కడిగి, వండుకు తిన్నాం. ఆ పసుపన్నం రుచి ఇంకా నా నాలిక మీదే ఉంది. నేను మర్చిపోలేదు. మర్చిపోను.

ఆయన భార్య ప్రభావతి మాత్రం నెమ్మదైన మనిషి. ఆ రోజు నా పక్కన కూర్చుని, మెల్లిగా నా సంచిలో చెయ్యి పెట్టి, నాలుగు గింజలు తీసి, ఎవరూ చూడకుండా పిల్లల కాళ్ళ దగ్గర వేసింది. అందుకని ఆవిడ మీద నాకు కోపం లేదు.

పాపం, ఆవిడ తన దేవుణ్ణి బియ్యం డబ్బాలో దాచుకునేదట. ఒక చిన్న ఇత్తడి కుంది కూడా అందులోనే. ఆయన బడికి పోగానే తీసి దీపం పెట్టుకుని, వచ్చే వేళకి మళ్ళీ బియ్యంలో పూడ్చేసేది. ఎప్పుడైనా ఆయన ముందొచ్చి చూస్తే, నోటితో ఉఫ్ మని ఊదేసేవారట. దీపాన్ని నోటితో ఊదడం... చెప్పడానికే నాకు ఎలాగో ఉంది.

ఇక పిల్లాడి సంగతి. అమావాస్య వస్తే చాలు, చీకట్లో ఒంటరిగా శ్మశానానికి పంపేవారు. దీపం ఉండకూడదు, తోడు ఉండకూడదు. అక్కడికి వెళ్ళొచ్చినట్టు ఏదో ఒకటి తేవాలి — కాలిన కట్టెముక్కో, కుండ పెంకో. తెచ్చి చేతిలో పెడితే అడిగేవారు, "ఏముందిరా అక్కడ?" అని. "ఏం లేదు నాన్నా" అనాలి. అన్నాకే అన్నం.

అలా పెరిగినవాడు మా అల్లుడు. తనకి భయం లేదని అతనంటే అది ఉత్తిమాట కాదు.

పోయిన ఏడు ప్రభావతి పోయింది. శరీరాన్ని మెడికల్ కాలేజీకి ఇచ్చేశారు. దహనం లేదు, దినం లేదు. తలాపున దీపం కూడా లేదు. మహేంద్ర ఇక్కణ్ణుంచి విమానం దిగేసరికే అంతా అయిపోయింది. ఆయన ఒక్కరే ఉంటున్నారని ఈ ఏడు ఇక్కడికి తీసుకొచ్చాడు.

అప్పటికే నేనిక్కడ ఉన్నాను. ఒకే కప్పు కింద ఆయనా, నేనూ.

వంటింట్లో టీ కప్పులు పెట్టుకునే అర ఒకటి ఖాళీ చేసి హిమజ నాకిచ్చింది. నా దేవుళ్ళు అందులో ఉంటారు. వచ్చిన మర్నాడే దాని ముందు నిలబడి ఆయన అన్నారు, "చెల్లెమ్మగారూ, కప్పులకి చోటు లేకుండా చేశారే."

"కప్పులు ఎక్కడైనా ఉంటాయి అన్నయ్యగారూ."

"దేవుడు కూడా ఎక్కడైనా ఉంటాడనే కదా మీవాళ్ళు చెప్తారు. మరి అర ఎందుకు?"

ఆ మాట కూడా గుర్తుపెట్టుకున్నాను.

మధ్యలో నలిగింది మనవరాలు అక్షర. తొమ్మిదేళ్ళ పిల్ల. పొద్దున్నే నేను దణ్ణం పెట్టిస్తే, రాత్రి అన్నాల దగ్గర వాళ్ళ తాతయ్య "ఎవరికి పెట్టావు, చూపించు" అనేవారు. ఒకరోజు బడి నుంచి వచ్చి అడిగింది, "అమ్మమ్మా, క్లాసులో అందరూ వాళ్ళ రిలీజియన్ చెప్పారు. నేను ఏంటి?"

నేను ఒకటి చెప్పాను. వాళ్ళ నాన్న ఇంకొకటి చెప్పాడు. ఆ పిల్ల ఇద్దరి మొహాలూ చూసి లోపలికి పోయింది.

అలాంటి పిల్ల చెవిన ఈ వరదింటి వెలుగు మాట పడింది. అంతే. రాత్రిళ్ళు లైటు ఆపనివ్వదు. నిద్రలో లేచి కూర్చుంటుంది. కళ్ళ కింద నల్లగా చారలు పడ్డాయి. బళ్ళో టీచరు హిమజని పిలిచి, పిల్ల బెంచీ మీదే నిద్రపోతోందని చెప్పింది.

జూన్ నెలలో ఇక్కడ చలికాలం. సాయంత్రం టీ తాగి కప్పు కింద పెట్టేసరికే చీకటి. ఒక సాయంత్రం హిమజ పిల్లని ఈతకి తీసుకెళ్ళి కారులో తీసుకొస్తోంది. వీధి చివర కారు తిప్పుతుంటే పిల్ల కెవ్వుమందిట.

ఇంట్లోకి వచ్చాక చూస్తే మాట రావడం లేదు. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

"కనిపించింది," అంది హిమజ నాతో మెల్లిగా. "నాక్కూడా కనిపించిందమ్మా..."

మహేంద్ర ఆఫీసు నుంచి అప్పుడే వచ్చాడు. పిల్లని చూశాడు. బ్యాగు కింద పెట్టి నా వైపు తిరిగాడు.

"అత్తయ్యగారూ, దీని బుర్రలోకి ఇదంతా ఎక్కించింది మీరు."

"నేను దేవుడి సంగతి చెప్పాను బాబూ. దెయ్యం సంగతి చెప్పలేదు."

"రెండూ ఒకే అరలోవి."

వాళ్ళ నాన్న మాటే అది. గొంతు కూడా ఆయనదే. వియ్యంకుడుగారు రోజూ ఆ వేళకి లైబ్రరీకి పోయి పేపర్లు తిరగేసి వస్తారు కాబట్టి సరిపోయింది. ఉంటే ఆయనా ఇంకో నాలుగు వేసేవారు.

నాకు ఒళ్ళు మండింది. "శ్మశానాలు తిరిగినవాళ్ళు కదా మీరు. నాలుగిళ్ళ అవతలుంది. వెళ్ళి చూసి రండి."

"వెళ్తాను. ఏమీ లేదని తేలితే?"

"తేలితే నా దేవుళ్ళని గరాజులో పెట్టుకుంటాను. పిల్ల చేత మళ్ళీ దణ్ణం పెట్టించను."

"అమ్మా, నువ్వూరుకో," అంది హిమజ.

"ఊరుకోను. ఏమైనా ఉంటే?" అని అడిగాను అతన్ని.

"ఉంటే అక్షరని మీకు తోచినట్టు పెంచండి. నేనూ, నాన్నా, ఇద్దరం అడ్డు రాం."

పిల్ల సోఫాలో ముడుచుకుని అంతా వింటోంది. తెలుగు సరిగ్గా మాట్లాడదు గానీ, ఒక్క ముక్క పోకుండా అర్థమవుతుంది దానికి.

మహేంద్ర ఫోను తీసి బల్ల మీద పెట్టేశాడు. అది వాళ్ళ నాన్న పద్ధతి. దీపం ఉండకూడదు. కోటు వేసుకుని బయటికి పోయాడు. సన్నగా వాన మొదలైంది.

ఇక్కణ్ణుంచి అతను చెప్పింది.

వీధి లైటు ఆ ఇంటికి కాస్త ఇవతలే ఆగిపోతుంది. దాని తర్వాత చీకటి. వాగు హోరు తప్ప ఏమీ లేదు. అవతలి చెట్లలోంచి ఈ దేశపు గుడ్లగూబ ఒకటి — రూ... రూ... అని, ఆగి, మళ్ళీ రూ... రూ...

కంచె చుట్టూ తడుముకుంటూ పోయాడు. ఒకచోట రెండు పలకల మధ్య కట్టిన తీగె ఊడదీసి ఉంది. మనిషి పక్కకి తిరిగి దూరేంత సందు. అక్కణ్ణుంచి వెనక తలుపు దాకా గడ్డి ఒకే చారగా అణిగిపోయి ఉంది.

ఎవరో రోజూ నడుస్తున్నారు.

దొంగలై ఉంటారనుకున్నాడు. ఇల్లూ వాకిలీ లేనివాళ్ళెవరైనా తలదాచుకుంటున్నారేమో అనుకున్నాడు. అలా అనుకుంటే ధైర్యంగానే ఉందట. వెనక తలుపు చెక్క ఒక పక్క వేలాడుతోంది. పక్కకి నెట్టి లోపలికి దూరాడు.

బూజు వాసన. వరద మట్టి ఎండి పెచ్చులు కట్టి, అడుగు వేస్తే చిట్లుతోంది. కటిక చీకటి. గోడ పట్టుకుని నడిచాడు. చేతి కింద గోడ ఉబ్బి, మెత్తగా, తడి రొట్టెలా ఉంది. చెయ్యి కొంచెం పైకి జరిపితే నున్నగా, చల్లగా... అక్కడ నీళ్ళ గీత. దాని కింద మునిగిన ఇల్లు, పైన మునగని ఇల్లు. తన రొమ్ము దాకా వచ్చింది ఆ గీత.

అప్పుడు చూశాడు.

నడవా చివర ఒక తలుపు. మూసి ఉంది. దాని కింద సందులోంచి — పసుపు వెలుగు.

ఆగాడు. తలుపు అవతల ఎవరో మాట్లాడుతున్నారు. చాలా మెల్లిగా. ఒక్కరి గొంతే. కాసేపు మాట్లాడి, ఆగి, అవతలివాళ్ళు చెప్పేది విన్నట్టు ఆగి... మళ్ళీ మాట్లాడుతున్నారు.

మాటలు తెలియడానికి తలుపు దగ్గరికి పోయాడు. చెవి పెట్టాడు.

అది ఇంగ్లీషు కాదు.

"పెట్టాను..." అంటోంది ఆ గొంతు. "ఇదిగో... పెట్టాను..."

తెలుగు.

మౌంట్ ఆల్బర్ట్‌లో, మునిగిపోయిన తెల్లవాళ్ళ ఇంట్లో, చీకట్లో, తెలుగు.

అప్పుడు భయం వేసిందట. చిన్నప్పుడు శ్మశానంలో వెయ్యలేదు, ఇక్కడ వేసింది. వెనక్కి తిరుగుదామనుకున్నాడు. చెయ్యి మాత్రం దానంతటదే పోయి తలుపుని తోసింది. తలుపు కిర్రుమంది...

నేల మీద చిన్న దీపం. దాని ముందు, వీపు ఇటు పెట్టి, బోర్లించిన బకెట్టు మీద ఒక ఆకారం. తల మీదనుంచి కప్పుకున్న దుప్పటి. ఆ దుప్పటి నీడ గోడ నిండా, పైకప్పు దాకా లేచి, దీపంతో పాటు వణుకుతోంది.

అప్పుడు మా అల్లుడి నోట్లోంచి ఒక మాట వచ్చింది. తను అనలేదట, అదే వచ్చిందట.

"ఆంజనేయా... ఆంజనేయా..."

చిన్నప్పుడు అమావాస్యకి గుమ్మం దాటబోతుంటే వాళ్ళమ్మ చెప్పు వెతికినట్టు వంగి, చెవిలో చెప్పేది. "దారంతా ఈ పేరు అనుకో నాన్నా. నోట్లోనే అనుకో. నాన్నకి చెప్పకు." అతను అనుకుంటూ పోయేవాడు. అనుకుంటూ వచ్చేవాడు. వచ్చి "ఏం లేదు నాన్నా" అనేవాడు. పెద్దయ్యాక మర్చిపోయాడు. తనకి భయం లేదన్నదే గుర్తుంది. ఆ భయం ఎలా పోయిందో మర్చిపోయాడు.

ఆ పేరు వినగానే ఆకారం కదిలింది. దుప్పటి మెల్లిగా జారింది. తల ఇటు తిరిగింది.

"ఆ పేరు నీకెవరు నేర్పార్రా?"

రామలింగేశ్వరరావుగారు.

మహేంద్ర తలుపు పట్టుకుని అలాగే కింద కూర్చుండిపోయాడట. అక్కణ్ణుంచే అడిగాడు, "ఈ దీపం నీకెవరు నేర్పారు నాన్నా?"

ఆ రెండు ప్రశ్నలకీ జవాబు ఒకే పేరు.

ఆయనే మొదలుపెట్టారు. "మీ అమ్మ పోయేముందు అడిగింది. తలాపున ఒక్క దీపం పెట్టండి, ఈ ఒక్కసారికి, అంది. సరే అన్నాను. తీరా పోయాక... మన సంఘం వాళ్ళందరూ వచ్చేశారు కదరా. జెండా కప్పుతున్నారు, ఉపన్యాసాలు చెప్తున్నారు. ఆ గదిలో నేను లేచి అగ్గిపుల్ల గీయాలి. గీయలేకపోయాను."

"ఇంట్లో పెట్టుకోవచ్చు కదా నాన్నా. నేను ఏమైనా అంటానా?"

"నువ్వు కాదు. ఆవిడ."

"ఎవరు?"

"మీ అత్తగారు. చూసి నవ్వుతుంది. నేను చచ్చేదాకా నవ్వుతుంది."

ఆ మాట నాకు చెప్పకుండా దాటేద్దామని చూశాడు మా అల్లుడు. గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాడు. నవ్వేదాన్నే. అబద్ధమెందుకు. తలంబ్రాల బియ్యం వండుకు తిన్నదాన్ని నేను.

"అయితే ఇప్పుడు నమ్ముతున్నావా?" అని అడిగాడట.

"లేదురా. అది నమ్మింది. నేను మాటిచ్చాను. అంతవరకే."

మహేంద్ర లేచి ఆ దీపం చేతిలోకి తీసుకున్నాడు. ప్రభావతి ఇత్తడి కుంది అది. మేజోడులో చుట్టి సూటుకేసులో తెచ్చుకున్నారట ఆయన. "ఇక్కణ్ణుంచి ఏదో ఒకటి పట్టుకెళ్ళాలి కదా. నీ రూలే," అన్నాడు. నడవాలో వచ్చేటప్పుడు దీపం వెలుగుతూనే ఉంది. కంచె దాటగానే వాగు మీది గాలికి ఆరిపోయింది.

నేను గుమ్మంలోనే నిలబడి ఉన్నాను. వానలో రెండు ఆకారాలు రావడం చూసి సగం తలుపు మూసేశాను. ఒక్కడు వెళ్ళాడు, ఇద్దరు వస్తున్నారే అని...

లోపలికి వచ్చాక మహేంద్ర కుందిని భోజనాల బల్ల మీద పెట్టి, జరిగిందంతా అక్కడే అందరి ముందూ చెప్పాడు. అక్షర వాళ్ళమ్మ ఒళ్ళో కూర్చుని కళ్ళార్పకుండా వింది. వియ్యంకుడుగారు తల తుడుచుకుంటూ ఒక మూల కుర్చీలో కూర్చున్నారు. నా వైపు చూడలేదు.

"మరి మన పందెం?" అన్నాను నేను.

హిమజ నన్ను కొరికేసేలా చూసింది. చూస్తే చూడనీ. మాట మాటే.

"దెయ్యం లేదు కదా అత్తయ్యగారూ. ఉన్నది నాన్న."

"మీరన్నది దెయ్యం లేదని కాదు బాబూ. ఏమీ లేదని. దీపం ఉంది. ఎదురుగా బల్ల మీదే ఉంది."

"గెలిచారు లేరా చెల్లెమ్మగారు," అన్నారు మూలలోంచి వియ్యంకుడుగారు. "నూనె కూడా ఆవిడదే."

అప్పుడర్థమైంది నాకు, నా నువ్వుల నూనె సీసా రోజూ ఎందుకు తరిగిపోతోందో. హిమజ పిల్ల తలకి రాస్తోందని దాన్ని ఎన్నిసార్లు కసిరానో. కానీ ఆయన నోట గెలిచారన్న మాట వినడానికి ఆ నూనె పోతే పోయిందిలే అనుకున్నాను.

కుంది దగ్గరికి లాక్కుని చూశాను. నా చేతులు ఊరుకోవు. తోమి ఎన్నాళ్ళైందో, అడుగంతా జిడ్డు. కానీ వత్తులు పద్ధతిగానే ఉన్నాయి.

"పరవాలేదే అన్నయ్యగారూ," అన్నాను. "ఇది మాత్రం ఎవరు చెప్పారు మీకు?"

"ఏది?"

"రెండు వత్తులు కలిపి వెయ్యాలని. ఒంటి వత్తి చచ్చిపోయినవాళ్ళ తలాపున పెడతారు. ఇంట్లో దీపానికి ఎప్పుడూ రెండు వేస్తారు."

ఆయన తల తుడుచుకోవడం ఆపారు.

"నేను ఒక్కటే వేశాను," అన్నారు.

"రెండున్నాయి."

"ఒక్కటే చెల్లెమ్మగారూ. రెండు వెయ్యాలని నాకెవరు చెప్పారు? రోజూ పాతది తీసి పారేసి, కొత్తది ఒక్కటే వేస్తాను. ఇవాళా అంతే." కోటు జేబులోంచి మందుల సీసా తీసి బల్ల మీద పెట్టారు. మాత్రలు కదలకుండా సీసాలో పైన దూది కూరుతారే, ఆ దూది. దాంట్లోంచి పీకి, వేళ్ళతో నలిపి వేసేవారట.

నేను జడపిన్ను తీసి ఆ రెండు వత్తుల్నీ విడదీశాను. రెండూ కొసలు నల్లగా కాలి ఉన్నాయి.

ఒకటి మందుల సీసా దూదే. వదులుగా, పిచ్చిగా, పీచు పీచుగా, మగవాడి వత్తి.

రెండోది అది కాదు...

సన్నగా, గట్టిగా, తొడ మీద పెట్టి అరచేత్తో నలిపిన వత్తి. మొదటి నుంచి చివరి దాకా ఒకే లావు. కింది కొసని వెనక్కి మడిచి, ఒక్క మెలి తిప్పి ఉంది. వత్తి చూస్తే చేసిన చెయ్యి చెప్పగలను నేను. అది నాది కాదు. నేను కొస మడవను. హిమజకి ప్యాకెట్టులో కొన్న వత్తులు తప్ప తెలియవు.

"ఇదెవరు చేశారు?" అన్నాను.

మహేంద్ర వంగి చూశాడు.

"అమ్మ అలా మడిచేది," అన్నాడు. "నూనెలోకి జారిపోకుండా..."

బయట వాన పడుతోంది. వియ్యంకుడుగారు లేచి వచ్చి, కళ్ళజోడు పెట్టుకుని, ఆ వత్తిని వేలితో ముట్టుకోబోయి... ముట్టుకోలేదు.

"మహీ," అన్నారు. "నువ్వు తలుపు తీసినప్పుడు ఆ గదిలో నేనొక్కణ్ణే కదా ఉన్నది?"

"నువ్వొక్కడివే నాన్నా." కుంది వైపు చూశాడు. "తలుపు తియ్యకముందు... నువ్వు మాట్లాడి, మధ్యలో ఆగుతున్నావు. ఎందుకు?"

ఆయన కుర్చీ వెతుక్కుని కూర్చున్నారు.

అప్పుడు హిమజ ఒళ్ళోంచి అక్షర దిగింది. వచ్చి, బల్ల అంచుకి గడ్డం ఆనించి, ఆ వత్తిని చూసింది.

"అక్కడుంది నానమ్మేనా?" అని అడిగింది.

దేవుడు లేడనే ఇద్దరూ, ఉన్నాడనే నేనూ, మధ్యలో హిమజా... నలుగురిలో ఒక్కరికీ నోరు పెగల్లేదు.

"నానమ్మే అయితే ఓకే," అంది అక్షర.

అని, పోయి పళ్ళు తోముకుంది. తన గదిలోకి పోయింది. స్విచ్చి టక్కుమన్న చప్పుడు మా అందరికీ వినిపించింది. ఇన్నాళ్ళకి మొదటిసారి ఆ గది చీకటైంది.

తర్వాత ఆగస్టులో పెద్ద లారీ తెచ్చి ఆ ఇంటిని పునాది మీంచి పైకెత్తి, ఉన్నదున్నట్టు మోసుకుపోయారు. ఇక్కడ ఇళ్ళని అలాగే మోసుకుపోతారు. ఇప్పుడక్కడ గడ్డి తప్ప ఏమీ లేదు. ప్రభావతి కుంది నా అరలో ఉంది. నేనే తోమాను. సాయంత్రం పిల్లే వెలిగిస్తుంది, రెండు వత్తులు వేసి. వాళ్ళ తాతయ్య వంటింటి గుమ్మం అవతల నిలబడి చూస్తారు. లోపలికి రారు, అడ్డూ చెప్పరు. దండల పెళ్ళి సంగతి మాత్రం ఆయనా ఎత్తలేదు, నేనూ వదల్లేదు.

కానీ ఆ రాత్రి సంగతి చెప్పి ఆపేస్తాను. నాకు నిద్ర పట్టలేదు. మంచినీళ్ళ కోసం లేచి నడవాలోకి వచ్చాను. అక్షర గది చీకటిగా ఉంది, పిల్ల గుర్రు పెట్టి నిద్రపోతోంది. అవతల, అమావాస్య శ్మశానానికి పిల్లాణ్ణి దీపం లేకుండా పంపిన రామలింగేశ్వరరావుగారి గది తలుపు మూసి ఉంది. దాని కింద సందులోంచి, తెల్లారేదాకా, లైటు వెలుగుతూనే ఉంది.